ఎదురుచూసే రిక్వెస్టు చేతిలో ఏముంది?

ఆర్డర్ పెట్టే బటన్ నొక్కగానే సర్వర్‌కి చేరే రిక్వెస్టు ఒకటి తీసుకుందాం. లోపలికి వచ్చిన క్షణం నుంచి జవాబు బయటికి వెళ్లేదాకా 200 మిల్లీసెకన్లు పట్టిందనుకుందాం. అందులో పేమెంట్ గేట్‌వే జవాబు కోసం ఆగింది 160. డేటాబేస్ క్వెరీల కోసం ఆగింది 32. అప్లికేషన్ కోడ్ సీపీయూ మీద ఒళ్లు వంచి పనిచేసింది మిగిలిన 8 మిల్లీసెకన్లే. అంటే ఆ రిక్వెస్టు బతుకులో నూటికి 96 పాళ్లు ఎదురుచూపే.

సర్వర్ నెమ్మదించిందనగానే అందరి చూపూ ఆ 8 మిల్లీసెకన్ల మీదికే పోతుంది. లూపులు తిరగరాస్తారు, భాష మారుద్దామంటారు, ఇంకో ఫ్రేమ్‌వర్క్ ఎంత వేగమో చార్టులు చూపిస్తారు. అంతా చేసి 8ని 4కి దించితే 200 కాస్తా 196 అవుతుంది. అడగాల్సింది తక్కిన 192 గురించి. ఊరికే ఎదురుచూస్తున్న అంతసేపూ ఆ రిక్వెస్టు ఏమేం పట్టుకుని కూర్చుంది? ఒక థ్రెడ్డా (ప్రోగ్రాం లోపల విడిగా నడిచే పని వరస), ఒక డేటాబేస్ కనెక్షనా, ఒక రో లాకా (డేటాబేస్‌లో ఒక వరసను ఇంకెవరూ మార్చకుండా వేసే తాళం), ఎంత మెమరీ? పని ఎక్కువై కుప్పకూలే సర్వర్లకన్నా, లోపల ఉన్నవాళ్లు పట్టుకున్నవి వదలక, కొత్తగా వచ్చినవాళ్లకు ఏమీ దొరక్క స్తంభించిపోయే సర్వర్లే ఎక్కువ. వెబ్ సర్వర్ల చరిత్రను ఈ పట్టు సడలించుకుంటూ వచ్చిన కథగా చదువుకోవచ్చు.

1993లో మొదలైన సీజీఐ పద్ధతిలో ఈ పట్టు మరీ బరువు. ప్రతి రిక్వెస్టుకూ ఒక కొత్త ప్రాసెస్ పుట్టేది, ప్రోగ్రాం మొదటినుంచీ లోడయ్యేది, జవాబు రాసేది, చచ్చిపోయేది. 1995లో వచ్చిన అపాచీ వెబ్ సర్వర్ కొన్ని ప్రాసెస్‌లను ముందే పుట్టించి సిద్ధంగా ఉంచింది. ఆ తర్వాత ప్రాసెస్‌ల స్థానంలో థ్రెడ్లు వచ్చాయి. బరువు తగ్గింది గానీ లెక్క మారలేదు: ఒక రిక్వెస్టు లోపల ఉన్నంతసేపూ ఒక వర్కర్ (ప్రాసెస్ గానీ థ్రెడ్ గానీ) దానికే అంకితం. రిక్వెస్టు ఏ డేటాబేస్ కోసమో ఆగితే ఆ వర్కర్ కూడా చేతులు కట్టుకుని ఆగాల్సిందే. 64 బిట్ జావాలో మామూలుగా ఒక్కో థ్రెడ్ స్టాక్‌కి (దాని సొంత పని మెమరీకి) 1 మెగాబైటు కేటాయిస్తారు. అదంతా ఒకేసారి నిజం మెమరీని తినదు, నిజమే. కానీ పదివేల థ్రెడ్ల మధ్య సీపీయూను పంచిపెట్టడమే ఆపరేటింగ్ సిస్టమ్‌కి పెద్ద పనైపోతుంది.

ఇందులో అంతగా కంటికి కనిపించని పోటు ఒకటుంది: నెమ్మది క్లయింట్లు. 100 కిలోబైట్ల పేజీ 20 మిల్లీసెకన్లలో తయారైపోవచ్చు. అవతలివాడిది 56 కిలోబిట్ల మోడెమ్ అయితే ఆ పేజీ వాడికి చేరడానికి దాదాపు 15 సెకన్లు పడుతుంది. ఆ 15 సెకన్లూ వర్కర్ చెంచాతో నీళ్లు పోస్తున్నట్టు బైట్లు వదులుతూ కూర్చోవాలి. మోడెములు పోయాయి గదా అనుకోవడానికి లేదు, సిగ్నల్ సరిగా లేని మొబైల్ నెట్‌వర్క్ అదే పని చేస్తుంది. 2009లో బయటపడ్డ స్లోలోరిస్ దాడి ఈ బలహీనతనే ఆయుధం చేసుకుంది. పెద్ద ట్రాఫిక్ ఏమీ అక్కర్లేదు, రిక్వెస్టు మొదట్లో ఉండే హెడర్లు ఒక్కొక్కటిగా నిదానంగా పంపుతూ వర్కర్లన్నిటినీ కట్టిపడేస్తే చాలు. అప్లికేషన్ ముందు రివర్స్ ప్రాక్సీ (క్లయింట్లకూ దానికీ మధ్య నిలబడే సర్వర్) పెట్టడానికి ఉన్న మంచి కారణాల్లో ఇదొకటి. ప్రాక్సీ రిక్వెస్టు మొత్తం అందాకే లోపలికి పంపుతుంది, జవాబును గబుక్కున తన బఫర్‌లోకి తీసుకుని వర్కర్‌ని వదిలేస్తుంది. నిదానంగా పోసే పని తను చూసుకుంటుంది.

ప్రాక్సీకి మాత్రం అంత ఓపిక ఎక్కడిది? 1999లో ప్రోగ్రామర్ డాన్ కెగెల్ లేవనెత్తిన 'సీ10కే' ప్రశ్న ఇదే: ఒకే యంత్రం పదివేల కనెక్షన్లను ఒకేసారి ఎలా మోయాలి? అప్పటిదాకా ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉన్న సెలెక్ట్ కాల్, ఏ కనెక్షన్‌లో కబురుందో తెలుసుకోవడానికి ప్రతిసారీ జాబితా అంతా మొదటినుంచీ తడిమి చూసేది. 2000లో ఫ్రీబీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో కేక్యూ, 2002లో లినక్స్ కెర్నెల్‌లో (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గర్భంలో) ఈపోల్ వచ్చి ఆ వరస మార్చాయి. కబురున్న కనెక్షన్లను కెర్నెలే పిలిచి చెబుతుంది, మిగతావాటి జోలికి పోనక్కర్లేదు. 2004లో ఈగర్ సిసోయెవ్ విడుదల చేసిన ఎన్‌జిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఈ పునాది మీద కట్టిందే. ఎదురుచూసే కనెక్షన్ ఇక థ్రెడ్‌ని పట్టుకోదు, కొన్ని కిలోబైట్ల రికార్డుగా మెమరీలో పడి ఉంటుంది. 2009లో ర్యాన్ డాల్ తెచ్చిన, సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్ అదే పద్ధతిని అప్లికేషన్ కోడ్‌లోకి లాక్కొచ్చింది.

ఒకే థ్రెడ్ కబురున్న కనెక్షన్లను వరసగా చూసుకుంటూ తిరిగే ఈ పద్ధతినే ఈవెంట్ లూప్ అంటారు. దాంతో వచ్చిన చిక్కు, అది ఎదురుచూపుని చవక చేసి పనిని ఖరీదు చేసింది. లూప్ ఒక్కటే కాబట్టి ఎవరో ఒకరు 100 మిల్లీసెకన్లు సీపీయూని వదలకపోతే ఆ 100 మిల్లీసెకన్లూ అందరూ ఆగాలి. పాస్‌వర్డ్ హ్యాషింగ్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చడం) కావాలనే నిదానంగా ఉండేలా తయారుచేసిన పని. దాన్ని లూప్‌లోనే చేస్తే లాగిన్ అయ్యేవాళ్లు పదిమంది వచ్చినప్పుడు, లాగిన్‌తో సంబంధంలేని ఐదువందల మంది సెకను సేపు బిగుసుకుపోతారు.

సీపీయూ పని ఎప్పుడూ ఆ 8 మిల్లీసెకన్లే ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2016 జూలై 20న ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 34 నిమిషాలు ఆగిపోయింది. కారణం ఒక పోస్టులో వరసగా ఉన్న దాదాపు 20,000 ఖాళీ అక్షరాలు. లైను చివరి ఖాళీలను కత్తిరించే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల నమూనాను వెతికే సూత్రం) ఒకటి వాటి దగ్గర ఇరుక్కుంది. ఆ ఖాళీల తర్వాత ఇంకో అక్షరం ఉండటంతో ఎక్స్‌ప్రెషన్ చివరిదాకా వెళ్లి విఫలమయ్యేది, తర్వాతి ఖాళీ నుంచి మళ్లీ మొదలుపెట్టేది. 20,000, ఆపై 19,999, ఆపై 19,998... కూడితే దాదాపు 20 కోట్ల పోలికలు. కథ అక్కడితో ఆగలేదు. ఆ పోస్టు హోమ్ పేజీ జాబితాలోకి ఎక్కింది. రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, అవి బతికున్నాయో లేదో చూసుకునేది ఆ హోమ్ పేజీతోనే. పేజీ సమయానికి పలకకపోయేసరికి బ్యాలెన్సర్ సర్వర్లను వరస నుంచి తప్పించేసింది, సైటు మొత్తం పోయింది. ఇలా బతుకు చూసుకునే హెల్త్ చెక్‌కి ఎలాంటి పేజీ వాడాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ కాదు.

థ్రెడ్ల సౌకర్యం, ఈవెంట్ లూప్ పొదుపు రెండూ కలిపి ఇవ్వాలన్న ప్రయత్నం గో భాషలో గోరొటీన్లుగా, 2023 సెప్టెంబరులో విడుదలైన జావా 21లో వర్చువల్ థ్రెడ్లుగా ఫలించింది. కోడ్ పైనుంచి కిందికి మామూలుగా రాసుకోవచ్చు, ఆగాల్సిన చోట ఆ కోడ్‌ని నడిపించే రన్‌టైమే అసలు థ్రెడ్‌ని వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇస్తుంది. గోరొటీన్ స్టాక్ 2 కిలోబైట్లతో మొదలవుతుంది. లక్ష ఉన్నా సర్వర్‌కి చీమ కుట్టినట్టు ఉండదు.

ఇక్కడే చాలామంది కథ సుఖాంతమైందనుకుంటారు. థ్రెడ్లు చవకయ్యాయి సరే, వాటి వెనకాల ఉన్నవి చవక కాలేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఒక్కో కనెక్షన్‌కి సర్వర్ వైపు ఒక్కో ప్రాసెస్ నడుస్తుంది, మామూలు సెట్టింగులో అలాంటివి వందే. లక్ష వర్చువల్ థ్రెడ్లు వెళ్లి 20 కనెక్షన్ల పూల్ (ముందే తెరిచిపెట్టి అందరూ వంతులవారీగా వాడుకునే కనెక్షన్లు) ముందు నిలబడితే గుమ్మం మారింది తప్ప గుంపు తగ్గలేదు. పాత పద్ధతిలో ఏ 200 థ్రెడ్ల దగ్గరో ఉండే హద్దు తెలియకుండానే డేటాబేస్‌కి గొడుగు పట్టేది. ఆ గొడుగు తీసేశాక మరో హద్దు చేత్తో పెట్టుకోవాలి.

మొదట చెప్పుకున్న ఆర్డర్ రిక్వెస్టు దగ్గరికి మళ్లీ వద్దాం. చాలా ప్రాజెక్టుల్లో ఆ కోడ్ ఇలా ఉంటుంది: ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదనే మార్పుల కట్ట) మొదలుపెట్టు, సరుకు స్టాక్ తగ్గించు, పేమెంట్ గేట్‌వేని పిలువు, డబ్బు అందితే ఆర్డర్ రాయి, ట్రాన్సాక్షన్ ముగించు. చదవడానికి ముచ్చటగా ఉంటుంది, ఏది విఫలమైనా అంతా వెనక్కి పోతుందన్న ధీమా ఉంటుంది. కానీ గేట్‌వే జవాబు కోసం ఆగిన 160 మిల్లీసెకన్లూ ఒక డేటాబేస్ కనెక్షన్, ఆ స్టాక్ రో మీది లాక్ ఈ రిక్వెస్టు గుప్పిట్లోనే ఉన్నాయి.

లెక్క వేస్తే తేలుతుంది. వ్యవస్థలో సగటున ఉండేవాళ్ల సంఖ్య, వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణిస్తే వచ్చేదేనని జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. పూల్‌లో 20 కనెక్షన్లు, ఒక్కో రిక్వెస్టు ఒక్కోదాన్ని సుమారు 0.2 సెకను పట్టుకుంటే సెకనుకి వంద ఆర్డర్లకు మించి రావు. గేట్‌వే ఒకరోజు నీరసించి 2 సెకన్లు తీసుకోవడం మొదలుపెట్టిందనుకోండి. అదే పూల్ సెకనుకి పదికి పడిపోతుంది. ఆర్డర్లు పెట్టేవాళ్లకే కాదు, ఊరికే ఉత్పత్తుల జాబితా చూసేవాళ్లకు కూడా కనెక్షన్ దొరకదు. డేటాబేస్ సీపీయూ మాత్రం 5 శాతం దగ్గర హాయిగా కునుకు తీస్తుంటుంది.

మందు, గేట్‌వే పిలుపుని ట్రాన్సాక్షన్ బయటికి నెట్టడం. ముందు ఒక చిన్న ట్రాన్సాక్షన్‌లో స్టాక్ పక్కన పెట్టి ఆర్డర్‌ని 'పెండింగ్' అని రాసి కనెక్షన్ వదిలేయాలి. తర్వాత ఖాళీ చేతులతో గేట్‌వేని పిలవాలి. జవాబు వచ్చాక ఇంకో చిన్న ట్రాన్సాక్షన్‌లో స్థితి మార్చాలి. కనెక్షన్ పట్టుకునేది ఇప్పుడు 32 మిల్లీసెకన్లే, అవే 20 కనెక్షన్లతో సెకనుకి 625 దాకా వెళ్లొచ్చు. ఇంతకన్నా ముఖ్యం, గేట్‌వే 2 సెకన్లకు జారినా ఈ 625 మారదు. ఒక్క లైను కోడ్ వేగం పెంచకుండా వచ్చిన ఆరు రెట్లు ఇవి.

ఇది ఉచితంగా రాదని కూడా ఒప్పుకోవాలి. రెండు ట్రాన్సాక్షన్ల మధ్యలో సర్వర్ పడిపోతే ఆ ఆర్డర్ పెండింగ్‌లోనే వేలాడుతుంది. అలాంటివాటిని వెతికి, గేట్‌వేని అడిగి, అటో ఇటో తేల్చే జాబ్ ఒకటి వెనకాల నడవాలి. ఒకే ఆర్డర్‌కి రెండుసార్లు డబ్బు పడకుండా ఆ ఆర్డర్‌కి ఎన్నిసార్లు పిలిచినా మారని గుర్తింపు సంఖ్య ఒకటి ప్రతి పిలుపుకూ జతచేయాలి, అదే ఐడెంపొటెన్సీ కీ. పాత కోడ్‌లో ఉన్న ధీమా కూడా సగం భ్రమే అనుకోండి: డబ్బు తీసేసుకున్న గేట్‌వేని మన డేటాబేస్ రోల్‌బ్యాక్ వెనక్కి తిప్పలేదు.

ఈ పట్టు కోడ్‌లో కనబడకుండా ఫ్రేమ్‌వర్క్ మాటున దాగే సందర్భాలూ ఉన్నాయి. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్‌లో డేటాబేస్ పనికి జేపీఏ వాడితే 'ఓపెన్ ఇన్ వ్యూ' అనే సెట్టింగ్ అడగకుండానే ఆన్‌లో ఉంటుంది. మొదటి క్వెరీకి అందిన కనెక్షన్ సాధారణంగా జవాబు తయారయ్యేదాకా చేజారదు. సర్వర్ మొదలైనప్పుడు లాగ్‌లో దాని గురించి ఒక హెచ్చరిక పడుతుంది. చదివేవాళ్లు అరుదు.

పూల్ సరిపోవట్లేదు గదా, 20ని 500 చేస్తే? అందరికీ మొదట తట్టేది ఇదే, చాలాసార్లు పరిస్థితిని చెడగొట్టేదీ ఇదే. డేటాబేస్‌లో 16 కోర్లుంటే ఒక క్షణంలో నిజంగా నడిచేవి ఆ చుట్టుపక్కలే, మిగతావి లాకుల కోసం, డిస్కు కోసం తోసుకుంటూ ఒకదాని పనిని ఇంకొకటి చెడగొడతాయి. జావాలో కనెక్షన్ పూల్ నడిపే హికారీసీపీ వాళ్ల సూచనలో ఉన్న మొదటి అంచనా, కోర్లకు రెండింతలు, దానికి డిస్కుల సంఖ్య కలపమని. దాని డిఫాల్ట్ పూల్ పదే. ఎవరో ఒకరు ఎక్కడో ఒకచోట ఆగక తప్పనప్పుడు, ఏమీ పట్టుకోకుండా అప్లికేషన్ గుమ్మంలో ఆగడం మేలు. డేటాబేస్ లోపలికొచ్చి లాకులు చేతబట్టుకుని ఆగితే ఆ నష్టం అందరిదీ.

ఆగేది ఎక్కడైనా వరస పెరుగుతుంది, ఎలా పెరుగుతుందన్నది మాత్రం కంటితో వేసే అంచనాకు అందదు. ఒకే వర్కర్, క్రమం లేకుండా వచ్చే రిక్వెస్టులు, ఒక్కోదానికి సగటున 20 మిల్లీసెకన్ల పని అనుకుంటే, క్యూయింగ్ సిద్ధాంతంలోని అతి సాదా నమూనా చెప్పేది ఇది: వర్కర్ సగం తీరిగ్గా ఉన్నప్పుడు జవాబుకి 40 మిల్లీసెకన్లు, 80 శాతం బిజీ అయితే 100, 90 శాతానికి 200, 95 శాతానికి 400. 90 నుంచి 95కి వెళ్లే ఆ 5 శాతానికి రెట్టింపు ధర. సర్వర్లను 95 శాతం వాడేస్తున్నామని నివేదికల్లో గొప్పగా రాసుకునేవాళ్లు ఈ వంపు మీద ఎక్కడ నిలబడ్డారో ఒకసారి చూసుకోవాలి.

వంద శాతం దాటితే ఇక వంపు కూడా ఉండదు, కొండవీటి చాంతాడే. హద్దులేని క్యూ మంచితనంగా కనిపిస్తుంది, ఎవర్నీ కాదనదు గదా. కానీ ఎన్‌జిన్‌ఎక్స్ డిఫాల్ట్‌గా వెనక సర్వర్ జవాబు కోసం 60 సెకన్లే ఆగుతుంది, మనిషి అంతసేపు కూడా ఆగడు. బ్రౌజర్ మూసేసి వెళ్లిపోతాడు. ఎన్‌జిన్‌ఎక్స్ లాగ్‌లో దానికి 499 అనే గుర్తు పడుతుంది. వెళ్లిపోయినవాడి రిక్వెస్టు మాత్రం క్యూలో తన వంతు కోసం నిలబడే ఉంటుంది. వంతు రాగానే సర్వర్ శ్రద్ధగా క్వెరీలు నడిపి, పేజీ కట్టి, ఎవరూ లేని కనెక్షన్‌లోకి విసిరేస్తుంది. ఆ సమయానికి బతికున్న రిక్వెస్టు వెనక్కి జరిగి, తన వంతు వచ్చేసరికి అదీ చచ్చిపోతుంది. గ్రాఫుల్లో సర్వర్ పూర్తి వేగంతో పనిచేస్తుంటుంది, వాడేవాళ్లలో ఒక్కరికీ పేజీ రాదు.

కాబట్టి క్యూకి హద్దుండాలి. హద్దు దాటినవాళ్లకు 503 ('ఇప్పుడు కుదరదు' అనే జవాబు) ఇచ్చి, ఎప్పుడు తిరిగి రావాలో రిట్రై ఆఫ్టర్ హెడర్‌లో చెప్పి, ఒక మిల్లీసెకనులో పంపించేయాలి. ఫేస్‌బుక్ ఇంజినీర్లు 2015లో వివరించిన పద్ధతి ఇంకా విడ్డూరం: రద్దీ పెరిగాక క్యూని తిరగేసి, చివర వచ్చినవాళ్లకే ముందు వడ్డించడం. అన్యాయంలా ఉంటుంది. కానీ ముందొచ్చినవాళ్లు ఈపాటికి వెళ్లిపోయే ఉంటారు, ఇప్పుడే వచ్చినవాళ్లు ఇంకా తెర ముందు ఉన్నారు.

వెళ్లిపోయినవాళ్లు ఊరికే పోరు, రిఫ్రెష్ నొక్కుతారు. ప్రోగ్రాములైతే రిట్రై చేస్తాయి. ఒకదాని వెనక ఒకటిగా మూడు సర్వీసులుండి, ఒక్కోటి తన కిందిదాన్ని మూడేసిసార్లు ప్రయత్నిస్తే, అడుగునున్న డేటాబేస్‌కి పై నుంచి వచ్చిన ఒక్క రిక్వెస్టు 27 దెబ్బలై తగులుతుంది. అదీ అది అప్పటికే సొమ్మసిల్లి ఉన్నప్పుడు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. రిట్రై ఒక్క అంతస్తులోనే ఉండాలి, మధ్య విరామం ప్రతిసారీ పెరగాలి, ఆ విరామంలో కొంత యాదృచ్ఛికత కలపాలి. లేకపోతే ఒకేసారి విఫలమైన వెయ్యిమందీ ఒకేసారి తిరిగొస్తారు. టైమవుట్లు లోపలికి వెళ్లేకొద్దీ తగ్గాలి. బయటివాడు 3 సెకన్లకు వదిలేస్తుంటే లోపలివాడు 30 సెకన్లు పట్టువదలకుండా ఆగడంలో అర్థం లేదు. పైథాన్‌లో అందరూ వాడే రిక్వెస్ట్స్ లైబ్రరీ, విడిగా చెప్పకపోతే టైమవుట్ పెట్టదు. అవతలివాడు పలకనంతకాలం మన వర్కర్ అతుక్కుపోయే ఉంటుంది.

క్యాష్ (ఒకసారి తెచ్చిన జవాబుని దాచి మళ్లీ వాడుకోవడం) గురించి చెప్పనక్కర్లేనంత చెప్పారు గనక ఒక్క మాట. ఎక్కువమంది అడిగే కీ (దాచిన జవాబు పేరు) గడువు తీరిన క్షణంలో వెయ్యి రిక్వెస్టులు ఒకేసారి ఖాళీ చూసి, ఒకే ఖరీదైన క్వెరీని వెయ్యిసార్లు నడపడం మామూలుగా జరిగేదే. ఒకరే వెళ్లి తెచ్చేలా, మిగతావాళ్లు ఆ జవాబునే పంచుకునేలా చేయాలి. పాతదే ఇచ్చేసి వెనకాల కొత్తది తెచ్చుకోవడం ఇంకా నయం. హెచ్‌టీటీపీలో దీనికి 2010 నుంచీ రాతపూర్వక నిర్దేశం ఉంది. ఇక ఈమెయిలు పంపడం, పీడీఎఫ్ కట్టడం లాంటివి రిక్వెస్టు లోపల ఉండటానికే తగవు. 202 ('అందింది, తర్వాత చేస్తాం' అనే జవాబు) ఇచ్చి, జాబ్ క్యూలో వేసి పంపేయడమే.

ఇవేవీ సగటు లెక్కల్లో బయటపడవు. నూటికి ఒక్క జవాబు ఆలస్యమయ్యే సర్వర్లు వందుండి, ఒక పేజీకి ఆ వందా పలకాల్సి వస్తే, 63 శాతం పేజీలు ఆలస్యమవుతాయని గూగుల్ ఇంజినీర్లు జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో లెక్కగట్టి చూపించారు. కాబట్టి చూడాల్సింది 99వ పర్సెంటైల్, అంటే నూటికి 99 జవాబులు ఎంత సమయంలోపు వచ్చాయన్నది.

అంతకంటే ముందు, గడియారం ఎక్కడ పెట్టామో చూసుకోవాలి. అప్లికేషన్ లాగ్‌లో 'క్వెరీ: 900 మిల్లీసెకన్లు' అని ఉంటుంది. డేటాబేస్ బాధ్యులకు ఫిర్యాదు వెళ్తుంది. వాళ్లు తమ లాగ్ తీస్తే అదే క్వెరీ 3 మిల్లీసెకన్లని ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అప్లికేషన్ గడియారం కనెక్షన్ అడిగినప్పుడు మొదలైంది, డేటాబేస్ గడియారం క్వెరీ చేరాక మొదలైంది. మధ్యలో పోయిన 897 పూల్ ముందు వరసలో పోయినవి, ఆ వరసకి కారణం ఇంకెక్కడో ట్రాన్సాక్షన్ తెరిచిపెట్టి బయటి సర్వీసు కోసం ఆగిన ఇరవై రిక్వెస్టులు. ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు, క్వెరీ వేగం కోసం ఇండెక్సులు వేసేందుకు వారం పోతుంది. పూల్ దగ్గర ఆగిన సమయాన్ని, కనెక్షన్ పట్టుకున్న సమయాన్ని, క్వెరీ నడిచిన సమయాన్ని విడివిడిగా మూడు అంకెలుగా రాసే లాగ్ ఉంటే ఈ తగువు ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.